నాయన కళ్లు, నా కొడుకు కళ్లు, నడుమ నేను

పోయిన నెల మా చిన్నవాడు రైలింజను నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష దాటి, వైద్యపరీక్షలో ఆగిపోయాడు. రంగు చుక్కల పటాల పుస్తకంలో మొదటి పుటలోని 12ను అందరిలాగే చదివిన వాడు, 74 ఉన్న పుట దగ్గరికి వచ్చేసరికి 21 అన్నాడు. వాడి చూపులో పదును తగ్గలేదు, కళ్లద్దాలు లేవు, చీకటి పడిన తరువాత తిరుపతి నుంచి పలమనేరు దాకా బండి నడిపిన రోజులు ఎన్నో ఉన్నాయి. ఇరవై నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా, వాడు ఎరుపునూ ఆకుపచ్చనూ నేను చూసినట్లుగా చూడడం లేదని, అంటే వాడికి వర్ణాంధత ఉందని నాకు తెలియలేదు.

వాడు ఆ సంగతి చెప్పగానే నాకు గుర్తుకు వచ్చింది మా నాయన టమోటా తోట. పలమనేరు దగ్గరి మా పల్లెలో ఎకరంన్నర నేలలో టమోటా పెట్టేవాళ్లం. కోత రోజున నాయన చెట్ల నడుమకు వచ్చేవాడు కాదు. ఎప్పుడైనా కూలివాళ్లు తక్కువై తప్పనిసరిగా కోయవలసి వస్తే, ప్రతి కాయనూ బొటనవేలితో నొక్కి చూసి, మెత్తదనాన్ని బట్టి పండో దోరకాయో తేల్చుకునేవాడు. వేరు చేసే పనంతా అమ్మది, పెట్టెలు మోసే పని నాయనది. అది మొగుడూ పెళ్లాలు పని పంచుకున్న తీరు అనుకున్నాం గాని, ఆకుల నడుమ ఎర్రటి పండు ఆయన కంటికి విడిగా కనబడడం లేదేమో అని ఎవ్వరికీ తోచలేదు. నాయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆయనకు ఏ పటమూ చూపించలేదు.

ఆ వారంలోనే మా అన్న తిరుపతికి వచ్చాడు. తన కూతురిని మా చిన్నవాడికి ఇవ్వాలని అన్నకూ వదినకూ చాలా ఏళ్లుగా కోరిక ఉంది. మా వైపు మేనమామ కూతురిని చేసుకోవడం కొత్త సంగతి కాదు, మేనమామకే పిల్లను ఇచ్చిన ఇళ్లు కూడా మా బంధువుల్లో ఉన్నాయి. అన్న అడిగిన మాట ఇది: “మనదంతా ఒకటే రక్తం కదమ్మా, మేనరికం చేస్తే వీని కండ్ల సంగతి రేపు పుట్టే బిడ్డలకు ఇంకా ఎక్కువ కాదా?” మా అత్తగారు పక్కనుంచి, “అది మీ పుట్టింటి నుంచి వచ్చిందే, మా వంశంలో ఎవరికీ లేదు” అన్నారు.

నేను పంతొమ్మిదేళ్లుగా తిరుపతిలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. కాబట్టి అన్న మాటలోని ‘ఒకటే రక్తం’ అన్న చోటనే నేను ఆగిపోయాను. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చేది రక్తం కాదు, జన్యువులను మోసే పోగులైన క్రోమోజోములు. అవి అన్నీ ఒకే పద్ధతిలో రావు. అన్న ఒక ప్రశ్న అడిగాడనుకున్నాడు గాని, నిజానికి అందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి కంటి రంగుల సంగతి, రెండవది మేనరికం సంగతి. మొదటిదాని జవాబు ఎక్స్ క్రోమోజోములో ఉంది, రెండవదాని జవాబు ఎక్కువగా ఆటోసోములలో, అంటే ఆడ, మగ తేడాతో సంబంధం లేని మిగతా క్రోమోజోములలో ఉంది. ఆ రెంటినీ కలిపేస్తే లేని భయం పట్టుకుంటుంది, ఉన్న ప్రమాదం కనబడకుండా పోతుంది. ఇంట్లో నోటితో చెప్పినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మన శరీర కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. ఈ లెక్క తేలడానికి కూడా చాలా కాలం పట్టింది. 1923 నుంచి ముప్పై ఏళ్లకు పైగా అందరూ 48 అనే రాసుకున్నారు. స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ త్జియో, ఆల్బర్ట్ లెవాన్ సరిగ్గా లెక్కపెట్టి 1956లో ప్రకటించిన తరువాతనే 46 స్థిరపడింది. ఇందులో 22 జతలు ఆటోసోములు. ఇవి ఆడవారిలోనూ మగవారిలోనూ ఒకే రీతిలో జతలుగా ఉంటాయి, ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఇరవై మూడవ జత మాత్రమే వేరు. స్త్రీలో రెండు ఎక్స్‌లు, పురుషుడిలో ఒక ఎక్స్, ఒక వై. తల్లి ప్రతి బిడ్డకూ ఎక్స్‌నే ఇస్తుంది. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడబిడ్డ, వై ఇస్తే మగబిడ్డ. మగ, ఆడ తేడాకు ఈ చిన్న వై క్రోమోజోమే ఆధారమని నెట్టీ స్టీవెన్స్ 1905లో పిండిపురుగులలో చూపింది. వరుసగా ఆడపిల్లలు పుట్టారని కోడలిని నిందించే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి గనుక ఈ మాట మళ్లీ రాయడం అవసరమనిపించింది.

ఆటోసోము మీద ఉన్న జన్యువు ఒకటి చెడినా, జతలోని రెండవది పని నడిపిస్తుంది. అటువంటి చెడు అంతర్గతంగా దాగి ఉండి, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడు నకళ్లు ఒకే బిడ్డకు చేరినప్పుడే బయటపడుతుంది. ఎక్స్ మీది జన్యువుకు స్త్రీలో ఈ రక్షణ ఉంది, పురుషుడిలో లేదు. అతడికి ఉన్నది ఒకే ఎక్స్. వై క్రోమోజోము చిన్నది, ఎక్స్ మీది జన్యువులలో చాలావాటికి దానిలో జోడి లేదు. అందువల్ల మగబిడ్డకు తల్లి ఇచ్చిన ఎక్స్‌లో ఏమి ఉంటే అదే అతడిలో కనబడుతుంది.

ఎస్వీ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివే రోజుల్లో సీసాలలో అరటిపండు ముక్కలు వేసి పండుఈగలను పెంచేవాళ్లం. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్‌కు 1910లో దొరికిన తెల్లకళ్ల మగ ఈగ కథ మాకు కంఠతా వచ్చు. ఎర్రకళ్ల ఆడ ఈగతో దాన్ని కలిపితే మొదటి తరం దాదాపుగా అంతా ఎర్రకళ్లతోనే పుట్టింది. ఆ తరాన్ని తమలో తాము కలిపినప్పుడు రెండవ తరంలో ఎర్రకళ్ల ఆడ ఈగలు 2459, ఎర్రకళ్ల మగ ఈగలు 1011, తెల్లకళ్ల మగ ఈగలు 782 వచ్చాయి. తెల్లకళ్ల ఆడ ఈగ ఒక్కటీ లేదు. తాతలోని లక్షణం కూతుళ్లలో కనబడకుండా దాగి, మనవళ్లలో సగానికి దగ్గరగా తిరిగి బయటపడింది. పరీక్ష కోసం చదివిన ఆ మూడు అంకెలు ఇన్నేళ్ల తరువాత మా ఇంటి సంగతి అవుతాయని అప్పుడు నేను అనుకోలేదు. మనుషులలో ఎరుపు, ఆకుపచ్చ వర్ణాంధత కూడా ఇదే దారిన నడుస్తుందని 1911లో ఎడ్మండ్ విల్సన్ గుర్తించాడు. మనిషి జన్యువు ఒకటి ఫలానా క్రోమోజోము మీద ఉందని చెప్పగలగడం అదే మొదటిసారి.

ఇక మా ఇంటి లెక్క. చిన్నవాడు మగబిడ్డ కాబట్టి వాడికి ఉన్న ఒకే ఎక్స్ నా నుంచి వచ్చింది, వాడి తండ్రి నుంచి రాలేదు. నా రెండు ఎక్స్‌లలో ఒకటి నాయనది, మరొకటి అమ్మది. లోపం ఉన్నది టమోటా తోట సాక్ష్యంగా నాయన ఇచ్చినదానిలోనే అని నేను నమ్ముతున్నాను. నాయనకు వర్ణాంధత ఉండి ఉంటే, ఆయన తన ఒక్క ఎక్స్‌ను ప్రతి కూతురికీ ఇచ్చి తీరాలి గనుక నేను వాహకురాలిని, అంటే లోపాన్ని నాలో కనబడకుండా మోసే మనిషిని, కాకుండా ఉండే అవకాశమే లేదు. అదే సమయంలో అన్నకు ఆయన ఇచ్చింది వై. నాయన ఎక్స్‌లోని రంగుల జన్యువులు అన్న దగ్గర లేవు. తండ్రి నుంచి కొడుక్కు ఎక్స్ మీది లక్షణం రాదు అన్న ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం గందరగోళం తీరిపోతుంది.

నా కొడుకులు ఇద్దరికీ చెరి సగం అవకాశం ఉండేది. పెద్దవాడు 74ను 74గానే చదివాడు. ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రాలేదు కాబట్టి లెక్క సరిపోయిందని మా ఆయన అన్నారు గాని, అది అలా పంచి పెట్టే లెక్క కాదు. ప్రతి బిడ్డకూ సగం అవకాశం మొదటి నుంచి మళ్లీ ఉంటుంది. ఇద్దరికీ వచ్చి ఉండవచ్చు, ఇద్దరికీ రాకపోయి ఉండవచ్చు. పైగా చిన్నవాడికి నేను ఇచ్చిన ఎక్స్ నాయన ఎక్స్‌కు అచ్చంగా నకలు కూడా కాకపోవచ్చు. అండం తయారయ్యే క్షయకరణ విభజనలో, అంటే క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజనలో, నాయన ఎక్స్, అమ్మ ఎక్స్ పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. ఆ క్రోమోజోములో ఎంత భాగం అమ్మదో, ఎంత భాగం నాయనదో నాకు తెలియదు. రంగుల జన్యువులు ఉండే ముక్క, అంటే ఆ క్రోమోజోము పొడవు భాగపు చివరి ముక్క మాత్రం నాయనది.

అత్తగారి మాట గురించి కూడా ఆలోచించాను. పుట్టింటి నుంచి వచ్చిందన్నది నిజమే. కాని నాయనకు ఆ ఎక్స్ ఇచ్చింది మా జేజి. జేజి కూడా ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషే. ఆమెకు ఆ చూపు లోపం ఉన్నట్లు ఎవరూ చెప్పుకోలేదు, నాకూ లేదు. ఒక స్త్రీ తనకు తెలియకుండా తెచ్చినది, తనకు తెలియకుండా ఇచ్చినది తప్పు ఎలా అవుతుంది? ఇది నేను ఆమెతో నెమ్మదిగా చెప్పాను. ఆమె విన్నారు.

నాకు లేదు అన్నానే, అది పూర్తిగా సరి కాదు. స్త్రీ కణాలలో ప్రతి దానిలో రెండు ఎక్స్‌లలో ఒకటి పిండదశలోనే నిద్రపోతుందని మేరీ లయన్ 1961లో ప్రతిపాదించింది. ఏ కణంలో ఏది నిద్రపోతుందో యాదృచ్ఛికం. అంటే నా కంటి వెనుక నేత్రపటలంలో రంగులను పట్టే శంకు కణాలలో కొన్ని అమ్మ ఎక్స్‌తోనూ, కొన్ని నాయన ఎక్స్‌తోనూ పని చేస్తూ ఉండాలి. అమ్మవైపు కణాలు చాలినన్ని ఉన్నాయి కాబట్టి నాకు లోపం తెలియలేదు. టమోటా తోటలో నాయన చూసిన రంగులను చూసే కణాలు కొన్ని ఇప్పటికీ నా కంట్లో ఉన్నాయని తెలిసిన రోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

ఈ లోపం ఇంత సాధారణం ఎందుకు అన్నది నాకు ఎంతో ఆసక్తి కలిగించిన విషయం. ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి ఇది ఉంది. స్త్రీకి రావాలంటే రెండు ఎక్స్‌లలోనూ ఉండాలి కనుక 8 శాతాన్ని 8 శాతంతో హెచ్చించాలి, అది ఒక శాతం కంటే తక్కువ. వాస్తవంగా కనబడేది అరశాతానికి దగ్గర. ఈ లోపం ఇంత సాధారణం కావడానికి కారణం ఆ జన్యువులు ఉన్న తీరులోనే ఉంది. కంటిలో ఎరుపును పట్టే గ్రాహకం, ఆకుపచ్చను పట్టే గ్రాహకం తయారు చేసే జన్యువులు ఎక్స్ చివరన ఒకదాని పక్కన ఒకటి ఉండి, దాదాపు 98 శాతం ఒకేలా ఉంటాయని 1986లో జెరెమీ నాథన్స్ బృందం తేల్చింది. ముక్కలు మార్చుకునే వేళ ఒక ఎక్స్ మీది ఎరుపు జన్యువు రెండవ ఎక్స్ మీది ఆకుపచ్చ జన్యువును తన జోడి అనుకొని సరిపోల్చుకుంటే, తెగే చోటు మారి, ఒక క్రోమోజోముకు ఒక జన్యువు ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ అవుతుంది. సగం ఎరుపు, సగం ఆకుపచ్చగా అతుకుపడిన జన్యువులు కూడా ఈ విధంగానే పుడతాయి. తన చూపులోని తేడాను 1794లోనే వివరించిన రసాయన శాస్త్రవేత్త జాన్ డాల్టన్ తన మరణానంతరం కళ్లను పరీక్షించమని కోరాడు. భద్రపరచిన ఆ కంటి నుంచి 1995లో డీఎన్ఏ తీసి చూస్తే ఆకుపచ్చ గ్రాహకపు జన్యువు లేదని తేలింది.

రైలుకూ ఈ పరీక్షకూ ఉన్న సంబంధం కూడా పాతదే. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్న తరువాత, ఫ్రిత్యోఫ్ హోల్మ్‌గ్రెన్ రంగుల ఉన్ని దారాలతో రైల్వే సిబ్బంది చూపును పరీక్షించే పద్ధతి పెట్టాడు. మా వాడు చదివిన చుక్కల పటాలు జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించినవి. వాడికి దుఃఖంగానే ఉంది. ఎర్ర దీపం, పచ్చ దీపం మీద వందల ప్రాణాలు ఆధారపడే ఉద్యోగంలో ఈ నియమం న్యాయమైనదని వాడే నాతో అన్నాడు.

ఇప్పుడు అన్న అడిగిన పెళ్లి సంగతికి వస్తాను. చిన్నవాడు తన మేనమామ కూతురిని చేసుకుంటే, వాడికి పుట్టే ఆడపిల్లలందరూ వాడి ఎక్స్‌ను పొంది వాహకులు అవుతారు. మగపిల్లలకు వాడు ఇచ్చేది వై, వాళ్ల ఎక్స్ తల్లి నుంచి వస్తుంది. నా మేనకోడలి ఎక్స్‌లలో ఒకటి మా అన్న ఇచ్చినది, అంటే మా అమ్మ నుంచి వచ్చినది. రెండవది వదినది. నాయన ఎక్స్ ఆమె దగ్గరకు చేరే దారే లేదు. నాయన నుంచి వచ్చిన ఈ వర్ణాంధత విషయంలో సొంత మేనకోడలైనా, పరాయి ఇంటి పిల్ల అయినా ఫలితం ఒకటే. అన్న ఈ మాటకు ఊరట చెందాడు. ఆ ఊరటను అక్కడే ఆపవలసి వచ్చింది.

ఎందుకంటే రంగుల చూపులోనే రెండవ దారి కూడా ఉంది. నీలం గ్రాహకపు జన్యువు ఎక్స్ మీద లేదు, ఏడవ ఆటోసోము మీద ఉంది. అందుకే నీలం విషయంలో వచ్చే అరుదైన లోపం ఆడవారిలోనూ మగవారిలోనూ సమానంగా కనబడుతుంది. ఇంకొకటి, ఏ రంగూ కనబడని సంపూర్ణ వర్ణాంధత. అది అంతర్గతంగా దాగే ఆటోసోముల లక్షణం. మైక్రోనేషియాలోని పింగెలాప్ అనే చిన్న దీవిని సుమారు 1775లో పెను తుఫాను ముంచెత్తి ఇరవై మంది దాకా మాత్రమే మిగిలారు. మిగిలినవారిలో ఒకరు ఎనిమిదవ క్రోమోజోము మీద ఆ చెడు నకలును మోస్తున్నవారు. వాళ్ల సంతానం తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ రాగా, ఈనాడు ఆ దీవివారిలో 5 నుంచి 10 శాతం మందికి రంగులు లేవు, పగటి వెలుతురు భరించలేరు. దాన్ని వాళ్లు ‘మాస్కున్’ అంటారు. అక్కడ ఆడ, మగ తేడా లేదు. దగ్గరి బంధువుల పెళ్లి ఆటోసోముల విషయంలో ఏమి చేయగలదో చూపడానికి నాకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ తెలియదు.

అంత దూరం పోనవసరం కూడా లేదు. మా చిన్నాన్న కూతురిని ఆమె సొంత మేనమామకే ఇచ్చారు. వాళ్ల రెండవ బిడ్డకు ఎనిమిది నెలల వయసులో బీటా థలసీమియా అని, అంటే శరీరం చాలినంత హిమోగ్లోబిన్ తయారు చేసుకోలేని జబ్బు అని తెలిసింది. మూడు, నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించుకుంటూ, పేరుకుపోయే ఇనుమును తీసే మందు వాడుతూ ఆ పిల్ల ఇప్పుడు ఆరవ తరగతి చదువుతోంది. ఆ జన్యువు పదకొండవ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులు అయితేనే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు వ్యాధి వస్తుంది. మా బంధువులు ‘మన వంశంలో రక్తం జబ్బు ఉంది’ అనుకున్నారు గాని, వంశవృక్షం గీసి చూస్తే, ఆ దంపతులు ఇద్దరికీ ఉమ్మడి మూలం మా పిన్ని తల్లిదండ్రులు. చిన్నాన్న వైపు, అంటే మా వైపు నుంచి రావలసిన అవసరం లేదు.

మేనమామ పెళ్లిలో బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు నకళ్లూ ఒకే పూర్వికుడి నుంచి రావడానికి అవకాశం 8లో 1. మేనత్త బిడ్డ, మేనమామ బిడ్డ పెళ్లి అయితే 16లో 1. మా పిల్లల సంగతికి ఇలా లెక్క వేసి చూపించాను. మా నాయన ఏదో ఒక అంతర్గత చెడు నకలును ఆటోసోము మీద మోశాడని అనుకుందాం. అది నాకు రావడానికి సగం, నా నుంచి చిన్నవాడికి సగం, అంటే నాలుగింట ఒకటి. అన్న దారిలో మేనకోడలికి కూడా నాలుగింట ఒకటి. ఇద్దరికీ ఉండడానికి 16లో 1, బిడ్డకు రెండూ చేరడానికి మరో నాలుగింట ఒకటి, కలిపి 64లో 1. అమ్మ మోసిన చెడు నకలుకు మరో 64లో 1. చిన్న సంఖ్య లాగానే ఉంటుంది. కాని ప్రతి మనిషీ ఇటువంటివి కొన్నింటిని తెలియకుండా మోస్తూ ఉంటాడు, ప్రతి దానికీ ఈ లెక్క విడిగా వర్తిస్తుంది. మామూలు పెళ్లిళ్లలో పుట్టుకతో వచ్చే తీవ్ర లోపాలు నూటికి రెండు మూడు ఉంటే, మేనత్త మేనమామ బిడ్డల పెళ్లిలో ఆ పైన సుమారు మరో రెండు మూడు చేరతాయని జన్యు సలహాదారులు చెబుతారు. నూటికి తొంభైకి పైగా బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు గనుకనే మన ఊళ్లలో ‘మా తాతల కాలం నుంచి చేసుకుంటున్నాం, ఏమైంది’ అన్న మాట నిలబడింది. ఆ మిగిలిన కొద్దిమందిని మేము ల్యాబు కిటికీ దగ్గర చూస్తాం.

అన్నకు నేను ఇచ్చిన సలహా ఒక్కటే. నిశ్చయం మాట తరువాత, ముందు ఇద్దరూ రక్తం ఇవ్వండి. భారతదేశంలో బీటా థలసీమియా వాహకులు నూటికి మూడు, నాలుగు మంది ఉంటారని అంచనా. వాహకుడికి జబ్బు ఉండదు, ఎర్రకణాలు చిన్నవిగా ఉంటాయి, అంతే. దాన్ని ఇనుము లోపమని పొరబడి ఏళ్ల తరబడి మాత్రలు మింగినవాళ్లను నేను చూశాను. హిమోగ్లోబిన్‌లో ఏ2 అనే రకం 3.5 శాతం దాటిందా అని చూస్తే చాలావరకు సంగతి తేలిపోతుంది. పిల్లలు ఇద్దరిదీ నేనే చూశాను, ఇద్దరిదీ మూడు లోపే ఉంది. ఈ ఒక్క వ్యాధి విషయంలో నిశ్చింత. మిగిలినవాటికి ఈ పరీక్ష ఏమీ చెప్పదని కూడా రాతపూర్వకంగానే ఇచ్చాను.

మొన్న ఆదివారం మేనకోడలు ఒక పెద్ద కాగితం మీద వంశవృక్షం గీసింది. మగవారికి చతురస్రం, ఆడవారికి వలయం. మా చిన్నవాడి చతురస్రాన్ని నింపింది. తాత చతురస్రాన్ని సగం నింపి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. “అత్తా, నీకు చుక్క పెట్టాల” అంటూ నా వలయం నడుమ వాహకురాలి గుర్తు పెట్టి, దానిపైన జేజి వలయంలోనూ పెట్టింది. చివరకు తన వలయం దగ్గరకు వచ్చి కలం ఆపింది. “నాలో ఒక ఎక్స్ మా అమ్మది కదా, మరి అమ్మ వైపు ఎవరినీ అడగలేదే?” అంది.

ఇన్ని లెక్కలు వేసిన నేను ఆ సంగతి అడగలేదు. వదిన వైపు నుంచి ఈ పిల్లకు అటువంటి ఎక్స్ వచ్చి ఉంటే, మా వాడిని చేసుకున్నప్పుడు కొడుకులకూ కూతుళ్లకూ కూడా సగం అవకాశం ఉంటుంది. అది మేనరికంతో నిమిత్తం లేని సంగతి, అయినా తెలుసుకోవలసిన సంగతి. వదిన తండ్రి ఎక్స్ ఎటువంటిదో ఆయనకు పటాలు చూపితే నేరుగా తెలుస్తుంది, మగవారిలో అది దాగదు. తల్లి వైపుది తమ్ముడిలో కొంత తెలియవచ్చు. వదిన అప్పుడే బంగారుపాళెం ఫోన్ చేసి, ఇద్దరినీ వచ్చే ఆదివారం తిరుపతికి రమ్మంది. కంటి డాక్టరు గారి దగ్గర ముగ్గురికి సమయం అడిగాను. మూడవ పేరు మా అన్న పేరు.